స్త్రీలపై లైంగిక హింస: సర్వే అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు?

మీ ఇంటి ఆడమనిషిని లోపల డాక్టరమ్మ చూస్తుండగా మీరు బయట బల్ల మీద కూర్చుని ఈ పుస్తకం తిరగేస్తూ ఉండవచ్చు. "మేం ఇంటివాళ్ళమే కదా, మమ్మల్ని ఎందుకు బయటికి పంపారు?" అని కొందరు అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. దానికి జవాబు చెప్పాలంటే ముందు మన దేశంలో ఇంటింటికీ తిరిగి జరిపే ఒక పెద్ద సర్వే గురించి తెలుసుకోవాలి. విషయం కొంచెం కష్టమైనదే. అయినా మన ఇళ్ళలోని ఆడవారి ఆరోగ్యానికి సంబంధించినది కనుక ఓపికగా చదవండి.

రెండు రకాల లెక్కలు

ఒక ఏడాదిలో ఎందరు స్త్రీలపై అత్యాచారం జరిగిందని ఎవరైనా అడిగితే, పత్రికలు సాధారణంగా జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చూపిస్తాయి. 2022లో దేశం మొత్తం మీద 31,516 అత్యాచారం కేసులు నమోదయ్యాయని ఆ లెక్క. ఇక్కడ "నమోదయ్యాయి" అన్న మాట గమనించండి. బాధితురాలు గానీ ఆమె తరఫువాళ్ళు గానీ పోలీస్ స్టేషనుకు వెళ్ళాలి, అక్కడ ఫిర్యాదు రాసుకోవాలి, ఎఫ్.ఐ.ఆర్. కావాలి. ఇన్ని మెట్లు ఎక్కితేనే అది ఒక అంకె అవుతుంది. పైగా భర్త చేసిన బలవంతం ఈ లెక్కలోకి అసలు రాదు. భార్యకు 18 ఏళ్ళు నిండి ఉంటే భర్త చేసినదాన్ని మన చట్టం అత్యాచారంగా పరిగణించదు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోనూ ఆ మినహాయింపు అలాగే ఉంది.

రెండో లెక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ దీన్ని నడిపిస్తుంది. మొదటిది 1992-93లో జరిగింది. బాలింతలు, టీకాలు వంటివన్నీ అడిగే సర్వే ఇది. 2005-06లో జరిగిన మూడో సర్వే నుంచి లైంగిక హింస గురించి కూడా వివరంగా అడుగుతున్నారు. ఇందులో ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్ళనక్కరలేదు. అడిగే మనిషే ఇంటికి వస్తుంది. భర్త చేసిన బలవంతాన్ని చట్టం ఏమని పిలిచినా, సర్వే మాత్రం దాన్ని లెక్కలో వేస్తుంది.

ఈ రెండు లెక్కలనూ ఆశీష్ గుప్తా అనే పరిశోధకుడు 2014లో పక్కపక్కన పెట్టి చూశారు. భర్త కాని పురుషులు చేసిన లైంగిక హింసలో నూటికి సుమారు 6 ఘటనలే పోలీసుల దాకా వచ్చాయని, భర్తలు చేసినవాటిలో నూటికి ఒకటి కూడా రాలేదని తేలింది.

సర్వేవాళ్ళు ఎలా అడుగుతారు?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. సర్వే ఎంచుకున్న ప్రతి ఊళ్ళో 22 ఇళ్ళను చీటీ తీసినట్టుగా ఎంపిక చేస్తారు. హింస గురించిన ప్రశ్నలు అన్ని ఇళ్ళలోనూ అడగరు, కొన్నిటిలోనే అడుగుతారు. ఆ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళున్నా ఒక్కరినే అడుగుతారు. అత్తనూ అడిగి, కోడలినీ అడిగితే ఏ ప్రశ్నలు వేశారో ఇద్దరికీ తెలిసిపోతుంది. ఆ సాయంత్రం ఇంట్లో "నువ్వేం చెప్పావు?" అన్న విచారణ మొదలవుతుంది. అందుకని ఒక్కరే. అడిగేది కూడా ఆడమనిషే. దానికి వారికి ప్రత్యేక శిక్షణ ఇస్తారు.

ఇక రెండో షరతు ఏకాంతం. ఈ ప్రశ్నలు మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకోవాలి. మధ్యలో ఎవరైనా వస్తే ప్రశ్న మార్చేయాలి, లేదా ఆపేయాలి. ఏకాంతం దొరకకపోతే ఆ ఇంట్లో ఈ ప్రశ్నలు మానుకోవాలని నియమం. అంకె ఒకటి తగ్గినా ఫరవాలేదు గానీ, చెప్పినందుకు ఆమె దెబ్బలు తినకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఇలాంటి సర్వేల కోసం ఇచ్చిన సూచనలలో కూడా స్త్రీ భద్రతకే మొదటి స్థానం ఉంది.

మూడోది, అడిగే మాట. "మీపై అత్యాచారం జరిగిందా?" అని సర్వే అడగదు. ఆ మాట వినగానే మనకు చీకటి, నిర్మానుష్యమైన దారి, తెలియని మగవాడు గుర్తుకొస్తారు. తన ఇంట్లో, తన మంచం మీద జరిగినదానికి ఏ ఇల్లాలూ ఆ పేరు పెట్టదు. అందుకని సర్వే పేర్లు వదిలేసి పనులను అడుగుతుంది. చెంపదెబ్బ కొట్టాడా, జుట్టు పట్టుకుని లాగాడా, గొంతు నులిమాడా అని ఒక్కొక్కటిగా అడిగి, తర్వాత మీకు ఇష్టం లేకపోయినా బలవంతంగా సంభోగం చేశాడా, ఇష్టం లేని ఇతర లైంగిక చేష్టలకు బలవంతపెట్టాడా, బెదిరించి ఒప్పించాడా అని అడుగుతుంది. ఒకే ప్రశ్న అయితే "లేదు" అనేసి తప్పుకోవచ్చు. ఇన్నిసార్లు అడిగితే ఎక్కడో ఒకచోట నోరు పెగులుతుంది.

ఏం తేలింది?

2019-21లో జరిగిన అయిదో సర్వేలో దేశం మొత్తం మీద 6,36,699 ఇళ్ళకు వెళ్ళి 7,24,115 మంది స్త్రీలతో మాట్లాడారు. వారిలో హింస ప్రశ్నలు అడిగినవారు ఒక భాగమే. 18 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 6 మంది తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు లైంగిక హింస అనుభవించామని చెప్పారు. పెళ్ళయిన స్త్రీలలో అలా చెప్పినవారిని చేసిందెవరని అడిగితే, నూటికి 82 మంది ఇప్పటి భర్త అన్నారు, సుమారు 14 మంది మాజీ భర్త అన్నారు.

అదే 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆడపిల్లను చీకటిపడ్డాక బయటికి పంపకపోతే చాలు అనుకునే తల్లిదండ్రులు పై అంకెను ఇంకొకసారి చదవాలి. పోలీసు లెక్కల్లో కూడా ఏటా నూటికి 90కి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే.

తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో శారీరక హింస గానీ లైంగిక హింస గానీ అనుభవించామన్నవారు నూటికి దాదాపు 37 మంది. అంతకు ముందు 2015-16 సర్వేలో 43 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 43 నుంచి 30కి దిగింది. తగ్గిందని సంతోషించాలా? కొంత నిజంగానే తగ్గి ఉండవచ్చు. కానీ నాలుగేళ్ళలో కాపురాలు అంతగా మారిపోతాయా అన్న సందేహం కూడా న్యాయమైనదే. ఈ లెక్క జ్వరం చూసే థర్మామీటరు లాంటిది కాదు. థర్మామీటరుకు సిగ్గూ భయమూ ఉండవు. ఈ అంకె మాత్రం చెప్పిన స్త్రీల సంఖ్య. హింస తగ్గినా అంకె తగ్గుతుంది, చెప్పడం తగ్గినా తగ్గుతుంది.

యూరప్‌లో 2012లో 42,000 మంది స్త్రీలతో ఒక సర్వే చేశారు. 15 ఏళ్ళు నిండాక శారీరక లేక లైంగిక హింస అనుభవించామన్నవారు డెన్మార్క్‌లో నూటికి 52, ఫిన్లాండ్‌లో 47, స్వీడన్‌లో 46. పోలండ్‌లో 19. స్త్రీలకు మంచి హక్కులున్నాయని పేరున్న దేశాలే పైన నిలిచాయి. అక్కడి మగవాళ్ళు మరీ దుర్మార్గులని కాదు, అక్కడ ఈ మాట పైకి చెప్పుకోవడం సులువు అని చాలామంది నిపుణులు వివరించారు.

మరి మన దగ్గర? అదే అయిదో సర్వేలో ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం, పడకకు ఒప్పుకోకపోవడం వంటివి ఆ కారణాలు. తెలంగాణలో స్త్రీలలోనే నూటికి 84 మంది ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అంతే. పురుషులలో 70 మంది అన్నారు. మగవారి కన్నా ఆడవారే ఎక్కువ! తనకు జరిగింది సబబే అనుకునే మనిషి దాన్ని ఫిర్యాదుగా ఎవరికి చెబుతుంది? దేశం మొత్తం మీద హింస అనుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది సహాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అడిగిన కొద్దిమందీ ఎక్కువగా వెళ్ళింది పుట్టింటికే. డాక్టరు దగ్గరికో, పోలీసుల దగ్గరికో వెళ్ళినవారు చాలా కొద్దిమంది.

మన టేకులపల్లి లెక్క ఎంత?

లేదు. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు కూడా లేదు. కాన్పులు ఎక్కడ అవుతున్నాయి వంటివి ఈ సర్వే జిల్లాలవారీగా ఇస్తుంది. హింస ప్రశ్నలు తక్కువ ఇళ్ళలో అడుగుతారు కనుక ఆ లెక్క రాష్ట్రం వరకే నమ్మదగినది. కాబట్టి "నూటికి 37 అన్నారు, మా తండాలో 100 మంది ఆడవాళ్ళుంటే 37 మందా?" అని లెక్క వేయకండి. అంతకు ఎక్కువ ఉండవచ్చు, తక్కువా ఉండవచ్చు.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. టేకులపల్లి, ఇల్లందు, గుండాల వైపు ఎన్నో ఇళ్ళలో మాట్లాడుకునేది లంబాడీ, కోయ భాషలు. సర్వే ప్రశ్నలు తెలుగులో ఉంటాయి. పత్తి చేలో కలుపు తీసి ఇంటికి వచ్చిన మనిషిని, ముక్కూ మొహం తెలియనివారు, సంత భాషలో పడక గురించి అడిగితే ఎంత చెబుతుంది? ఇక 18 ఏళ్ళలోపు పిల్లలను, 49 దాటిన పెద్దవారిని అసలు అడగరు. సర్వే ఇళ్ళకే వెళ్తుంది కనుక హాస్టళ్ళలో ఉండేవారూ అందులోకి రారు. అందుకే ఈ అంకెను "కనీసం ఇంత" అని చదవడం మంచిది.

ఆస్పత్రిలో ఏకాంతం ఎందుకు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సర్వేవాళ్ళు ఒక అంకె కోసమే ఇంత జాగ్రత్త తీసుకుంటే, వైద్యం చేయవలసిన డాక్టరు ఇంకెంత తీసుకోవాలి? ఎప్పటికీ తగ్గని పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ వచ్చే మూత్రం మంట, నిద్ర పట్టకపోవడం, పురుగుమందు తాగడం, గర్భం పోవడం, వీటి వెనుక కొన్నిసార్లు ఇలాంటి బాధ దాగి ఉంటుంది. ప్రతి కేసులోనూ అని కాదు. కానీ అడిగితేనే తెలుస్తుంది. భర్త, అత్త, ఆఖరికి కన్నతల్లి ఎదురుగా ఉన్నా ఆమె "ఏం లేదమ్మా" అంటుంది. నొప్పికి మాత్రలు రాసి పంపేస్తారు. మళ్ళీ నెలకు అదే నొప్పితో వస్తుంది, ఖర్చు మీకే.

అందుకని బయట కూర్చోమంటే కూర్చోండి. మీ మీద అనుమానంతో కాదు, ఆడ పేషెంట్లందరినీ ఇలా విడిగా ఒకసారి అడగడమే సరైన పద్ధతి. ఆమెకు తెలుగు సరిగా రాకపోతే, భాష తెలిసిన నర్సునో ఆయానో పిలవమని మీరే అడగండి. పదేళ్ళ కొడుకును మాత్రం మాట మార్చి చెప్పడానికి లోపలికి పంపకండి. లోపల ఏం మాట్లాడారని దారి పొడుగునా ఆమెను నిలదీయకండి.

లైంగిక దాడి జరిగిందని మీకు తెలిస్తే ఆలస్యం చేయవద్దు. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వీలైతే స్నానం చేయించకుండా తీసుకురండి. అప్పటి బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టి తెండి. ఒకవేళ స్నానం చేసినా, రోజులు గడిచినా సరే, రావడం మానకండి. ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా ఇలాంటివారికి ఉచితంగా వైద్యం చేసి తీరాలని చట్టం 2013 నుంచి చెబుతోంది. పోలీసులకు తెలియజేయడం ఆస్పత్రి బాధ్యత. అయితే పెద్దవయసు స్త్రీ తనకు కేసు వద్దంటే ఆ మాట రాసుకుంటారు గానీ వైద్యం ఆపరు. 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో మాత్రం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి, ఇంటి పరువు పేరుతో దాచడానికి వీల్లేదు. "రెండు వేళ్ళ పరీక్ష" అనే పాత పద్ధతిని సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది, 2022లో మళ్ళీ గట్టిగా చెప్పింది. ఎవరైనా చేస్తామంటే వద్దనండి.

చేసినవాడు భర్తే అయితే ఏ దారీ లేదని అనుకోనక్కరలేదు. 2006 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టంలో భర్త చేసే లైంగిక హింస కూడా ఉంది. రక్షణ ఉత్తర్వు, ఉండటానికి ఇల్లు, ఖర్చులకు డబ్బు కోర్టు ద్వారా అడగవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181, ఆపదలో 112, పిల్లల కోసం 1098. పగలైనా రాత్రైనా పలుకుతాయి, డబ్బులు పడవు. జిల్లాలో సఖి కేంద్రం ఉంది. అక్కడ వైద్యం, పోలీసు సాయం, వకీలు, కొద్దిరోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. సెల్‌ఫోను భర్త చేతిలోనే ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి కనుక, ఈ నంబర్లు కాగితం మీద రాసి ఇవ్వమని నర్సునడిగితే ఇస్తుంది. మందుల చీటీ వెనకాలే రాయించుకోవచ్చు.