ముప్ఫై లీటర్ల ట్యాంకు

బుజ్జీ,

నీ ప్రీ-ఫైనల్ లెక్కల పేపరు ఫోటోలు అమ్మ పంపింది. నీళ్ల ట్యాంకు లెక్క దగ్గర ఆగిపోయాను. వ్యాసార్థం 70 సెం.మీ., ఎత్తు 2 మీ. సూత్రం సరిగ్గానే రాశావు, గుణకారమూ తప్పలేదు. 22/7 × 70 × 70 × 2 = 30,800 ఘ.సెం.మీ. అని తేల్చి కింద రెండు గీతలు కూడా కొట్టావు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు కదా! అంటే నిలువెత్తు ట్యాంకులో పట్టేది 30.8 లీటర్లు. నీ ఒక్కదాని తలస్నానానికే చాలవు. ఎత్తును 200 సెం.మీ. చేసుకుని ఉంటే 30,80,000 ఘ.సెం.మీ., అంటే 3,080 లీటర్లు వచ్చేవి.

'యూనిట్ రాయకపోతే అరమార్కు పోతుంది' అని బళ్లో చెబుతారు. ఆ మాటతోనే నాకు పేచీ. అరమార్కు కోసం చివర్లో తగిలించే తోక అనుకుంటే ఇలాగే అవుతుంది. ప్రతి స్టెప్పులోనూ అంకె పక్కనే రాస్తూ పో. 70 సెం.మీ. × 70 సెం.మీ. × 2 మీ. అని రాసి ఉంటే ఆ మూడోది నీ కంట పడకుండా ఉండేదా? సూత్రం తారుమారైనా అదే పట్టిస్తుంది. 2πrలో సెం.మీ. ఒక్కసారే ఉంది కాబట్టి అది పొడవు. πr²లో రెండుసార్లు ఉంది కాబట్టి వైశాల్యం. వృత్త పరిధి చదరపు సెంటీమీటర్లలో వచ్చిందంటే వెనక్కి వెళ్లి చూసుకోవాల్సిందే.

వైశాల్యాలు మార్చేటప్పుడు మరీ జాగ్రత్త. మీటరుకు 100 సెం.మీ. కాబట్టి చదరపు మీటరుకూ 100 అనుకుంటారు పిల్లలు. కాదు, 10,000. ఘనపు మీటరుకైతే పది లక్షలు. మన పొలాల సంగతే చూడు. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. మీ నాన్న వాళ్ల గుంటూరు వైపు దాన్ని 100 సెంట్లు చేశారు, మన కరీంనగర్ వైపు 40 గుంటలు. అక్కడి ఐదూ ఇక్కడి రెండూ ఒకటే, 242 చదరపు గజాలు. ఉత్తినే 'మాకు ఐదుంది' అంటే వియ్యంకులకు ఏం అర్థమవుతుంది?

పెద్దపెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 1983 జులై 23న కెనడాలో ఎయిర్ కెనడా విమానానికి గాల్లోనే ఇంధనం అయిపోయింది. ఆ సంస్థ అప్పుడే మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది. ట్యాంకుల్లో ఎన్ని లీటర్లున్నాయో చూసి కిలోల్లోకి మార్చాలి. లీటరు ఇంధనం సుమారు 0.8 కిలోలు. వాళ్లు మాత్రం 1.77తో గుణించారు, అది లీటరుకు పౌండ్ల లెక్క. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. ఇంజన్లు ఆగిపోయినా పైలట్లు దాన్ని గిమ్లీ అనే ఊరి పాత వైమానిక స్థావరంలో దించగలిగారు, అందరూ బతికారు. గుణకారం వాళ్లదీ తప్పు కాదు, నీలాగే.

అక్కర్లేని చోట మాత్రం యూనిట్ రాయకు. సంభావ్యతకు ఉండదు. సైన్, కాస్ విలువలకూ ఉండదు, పొడవును పొడవుతో భాగిస్తే సెం.మీ.లు కొట్టుకుపోతాయి. నిరూపక జ్యామితిలో ఏ కొలతో చెప్పకపోతే వైశాల్యానికి 'చదరపు యూనిట్లు' అని రాయి. సాంఖ్యకశాస్త్రంలో సగటు బరువుకు కిలోలు, మధ్యగత వయసుకు సంవత్సరాలు రాయాలి. ఆ రెండు చోట్లా నీ పేపర్లో ఖాళీయే కనిపించింది.

ఉంటాను,
తాత