గృహాలంకరణము, సుగంధసేవ

ఆలయ ప్రాకారము దాటి లోనికి అడుగిడిన భక్తునకు స్వామి దర్శనమునకు ముందే ఒక పరిమళము ఎదురగును. తులసి, కర్పూరము, నేతిదీపము, నీటితో కడిగిన రాతినేల కలిసిన ఆ వాసన సోకగానే మాట తగ్గును, అడుగు నెమ్మదించును, మనస్సు తనంత తానే లోనికి తిరుగును. ఇంటికి మరలివచ్చిన తరువాత ఆ ప్రశాంతి నిలువకపోవుటకు కారణమేమని విచారించినచో, పెద్దలు చెప్పు సమాధానము సులభమైనది. ఆలయములో ప్రతిదినము జరుగు సేవలో కొంతయైనను ఇంటిలో జరుగవలెను. అందుకు ధనము అక్కరలేదు, క్రమము కావలెను. నవనందులకు నెలవైన నంద్యాల సీమలోను, అహోబిలమునకు వాకిలి వంటిదైన ఆళ్లగడ్డ ప్రాంతములోను ఆ క్రమము నేటికిని ఆచారరూపమున నిలిచియున్నది.

పూజలో గంధమునకు గల స్థానము

షోడశోపచారములు చేయుటకు వీలులేనివారు పంచోపచారములతో పూజింపవచ్చునని పెద్దల మాట. అవి గంధము, పుష్పము, ధూపము, దీపము, నైవేద్యము. మానసపూజలో ఈ అయిదింటిని పంచభూతములుగా భావించి సమర్పింతురు. గంధము పృథివి, పుష్పము ఆకాశము, ధూపము వాయువు, దీపము అగ్ని, నైవేద్యము అమృతరూపమైన జలము. ఈ అయిదింటిలో గంధము, పుష్పము, ధూపము అను మూడును ఘ్రాణేంద్రియమునకు సంబంధించినవే. న్యాయ వైశేషిక దర్శనములు గంధమును పృథివి యొక్క విశేషగుణముగా నిర్ణయించినవి. భగవద్గీత 7వ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు భూమియందలి పవిత్రమైన గంధము తానేనని అర్జునునకు బోధించెను. తొలకరి చినుకునకు మట్టి నుండి లేచు వాసన ఎవరు కొనితెచ్చినది? అది మట్టిలో సహజముగా ఉన్నదే. ఇంటికిని అట్టి సహజగంధము ఒకటి కలదు. దానిని కప్పివేసిన మాలిన్యమును తొలగించుట మొదటి సేవ. వేరొక పరిమళమును చేర్చుట దాని తరువాతది.

పూర్వులు ఈ విషయమును చిన్నదిగా తలపలేదు. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గ్రహగతులతో పాటు గంధయుక్తికిని, అనగా సుగంధద్రవ్యములను కూర్చు విధానమునకును, ఒక అధ్యాయమును కేటాయించెను. అరువదినాలుగు కళల పట్టికలో గంధయుక్తి ఒక కళ; బియ్యముతోను పూలతోను నేలపై అలంకారములు తీర్చుట మరియొక కళ. నేడు ఇల్లాలు వాకిట వేయు ముగ్గు ఆ కళకు చెందినదే.

స్వామి ఊరికి వచ్చునాడు

ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, నల్లమల అడవులలో, నవనారసింహులు వెలసిన అహోబిల క్షేత్రము కలదు. ఏటేట సంక్రాంతి మరునాడు, కనుమనాడు, అచ్చట పారువేట ఉత్సవము ఆరంభమగును. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో వేంచేసి, 40 దినములకు పైగా ఆళ్లగడ్డ, రుద్రవరము పరిసరములలోని 30కి పైగా గ్రామములలో సంచరించి, ఫాల్గుణమాస బ్రహ్మోత్సవములకు ముందుగా క్షేత్రమునకు మరలుదురు. తన కల్యాణమునకు రమ్మని స్వామియే స్వయముగా వచ్చి పిలుచునని ఆ ప్రాంతీయుల విశ్వాసము. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామిని చెంచులు తమ ఇంటి అల్లునిగా భావింతురు. వారు పల్లకి వైపు బాణములు వేయు సంప్రదాయముతో ఉత్సవము మొదలగును.

పల్లకి వచ్చు దినము దగ్గరపడినకొలది ఊరిలో పనులు మొదలగును. మొదట బూజులు దులుపుదురు. అక్కరకు రాని పాతసామానును బయటకు తీయుదురు. పిమ్మట గోడలకు సున్నము, అరుగులకు జాజు పూయుదురు. నేల కడిగి, గడపకు పసుపు కుంకుమలు అలది, వాకిట కల్లాపి చల్లి ముగ్గు తీర్చుదురు. ద్వారమునకు మామిడాకుల తోరణము కట్టుదురు. తెలుపు అని పిలువబడు కట్టపై స్వామి కొలువుదీరినప్పుడు ధూపదీపములు చివరగా వచ్చును.

ఈ వరుసను గమనింపవలెను. తొలగించుట, కడుగుట, అలంకరించుట, ఆపైన పరిమళము. ఇంటిని బూజులతో ఉంచి సాంబ్రాణి వేసి స్వామిని ఆహ్వానించు గృహస్థుడు ఆ ఊళ్లలో కానరాడు. నేటి పట్టణపు ఇండ్లలో మాత్రము ఈ వరుస తలక్రిందులగుచున్నది. తడి ఆరని మూల నుండి వచ్చు ముక్కవాసన పోవుటకు అగరువత్తి వెలిగింతురు. మూసిన గదిలోని ఉక్కకు సువాసన ద్రవము పిచికారి చేయుదురు. దాని వలన దుర్గంధము పోదు, రెండు వాసనలు ఒకటిగును. అతిథిని మోసగింపవచ్చునేమో కాని, అంతర్యామిని మోసగించుట సాధ్యము కాదు.

మహానంది కోనేరు చెప్పు పాఠము

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరములోని మహానందిలో కోనేటినీరు అడుగున పడిన నాణెము కనుపించునంత తేటగా ఉండుట యాత్రికులందరకు తెలిసినదే. నీరు ఎడతెగక ఊరి, లోనికి వచ్చి, బయటకు పోయి పొలములను తడుపుచుండుటయే ఆ తేటదనమునకు కారణము. నిలిచిన నీరు ఎంత పవిత్రమైనను పాచిపట్టును. ఇంటిలోని గాలికిని ఇదే ధర్మము. ఉదయము ఒక గడియసేపు ఎదురెదురుగా ఉన్న ద్వారమును కిటికీని తెరచి ఉంచినచో, రాత్రి నిలిచిన గాలి పోయి క్రొత్తగాలి ప్రవేశించును. ఖర్చులేని మొదటి సుగంధము ఇదియే.

నేలను గురించియు ఒక మాట. ఈ జిల్లాలోని బేతంచెర్ల నాపబండలకు పేరుగన్నది. నంద్యాల ప్రాంతపు ఇండ్లలో ఈ బండలే పరచి ఉండును. ఇది సున్నపురాయి జాతికి చెందినది కనుక పులుపునకు ఓర్వదు. ఆమ్లము కలిసిన శుభ్రపరచు ద్రవములు, నిమ్మరసము, చింతపండు తగిలినచోట దాని నునుపు పోయి తెల్లని మరకలు పడును. మంచినీటితో తుడిచి, పొడిగుడ్డతో తడి ఆర్చుట చాలును. నల్లని నాపబండపై బియ్యపుపిండితో తీర్చిన చిన్న పద్మము చాలినంత అందమునిచ్చును. అది చీమలకు ఆహారము కూడ అగును గనుక భూతయజ్ఞ ఫలము కూడ లభించును.

సుగంధద్రవ్యములు, వాని వినియోగము

ధూపద్రవ్యములలో సాంబ్రాణి, గుగ్గిలము ముఖ్యమైనవి. ఇవి చెట్ల నుండి స్రవించు జిగురులు. సాంబ్రాణిగా వాడుకలోనున్న ద్రవ్యములలో ఒకటి సుమాత్రా ద్వీపపు చెట్ల నుండి లభించును. నల్లమలలో పెరుగు అందుగు చెట్టు నుండియు పరిమళము గల జిగురు వచ్చును. చెంచులు అడవిలో తేనె, తపసిజిగురు, కుంకుడుకాయలు సేకరించి జీవించుట అనాదిగా ఉన్నది. చెట్టునకు మితిమీరి గాట్లు పెట్టినచో అది ఎండిపోవును. ఆ జిగురు చెట్టు తన గాయమును మాన్పుకొనుటకు స్రవించినదని తలచినవాడు చిటికెడు వేయవలసినచోట పిడికెడు వేయడు.

కర్పూరము పూర్వము కర్పూరవృక్షము నుండియే లభించెడిది. నేడు అంగడిలో దొరకు హారతి కర్పూరము చాలవరకు సరళవృక్షపు తైలము నుండి తయారగుచున్నది. తీర్థములో కలుపు పచ్చకర్పూరము వేరు. హారతి కర్పూరమును పిల్లలు మ్రింగినచో మూర్ఛలు వచ్చు ప్రమాదము కలదు గనుక దానిని వారికి అందనిచోట ఉంచవలెను.

వేసవిలో నంద్యాల ఎండ ప్రసిద్ధమైనది. రోహిణికార్తెలో ధూపము వేయుట కంటె వట్టివేళ్ల తడికను కిటికీకి కట్టి నీరు చల్లుట మేలు. గాలి ఆ తడివేళ్లగుండ వచ్చునపుడు నీరు ఆవిరియై వేడిని గ్రహించును. చల్లదనము, పరిమళము ఒక్కసారిగా లభించును. తడిక కట్టుటకు వీలులేనివారు గుప్పెడు వట్టివేళ్లను కుండనీటిలో వేసి గదిలో ఉంచవచ్చును. మల్లె, సంపెంగ, మరువము, దవనము ఋతువు ననుసరించి లభించును. తడిగుడ్డ పరచిన పళ్లెములో పది మల్లెమొగ్గలు ఉంచినచో రాత్రియంతయు ఒక గదికి చాలును.

ధూపమును, ఊపిరియును

ఇచ్చట గృహిణులను బాధించు ఒక సందేహమును తీర్చవలసియున్నది. ఇంటిలో ఉబ్బసముతో బాధపడు వృద్ధులో, నెలల పసిబిడ్డయో ఉన్నప్పుడు వైద్యుడు పొగ వలదనును. అత్తగారి నాటి నుండి వచ్చు శుక్రవారపు ధూపము మానినచో అపచారమగునేమో అని ఇల్లాలు భయపడును. వైద్యుని మాట వినిన దైవమునకు కోపము, దైవసేవ సాగించిన మామగారికి ఆయాసము అని ఆమె మనస్సు ఊగిసలాడును.

వైద్యుని మాట నిజమైనది. అగరువత్తి పొగలోను, సాంబ్రాణి పొగలోను కంటికి కనుపించని సన్నని రేణువులుండును. మూసిన గదిలో అవి ఊపిరితిత్తుల లోతులకు చేరి హాని చేయును. పరిమళము మంచిదైనంత మాత్రమున పొగ మంచిది కాజాలదు. ఆలయములోని ఎత్తైన మండపములకు, విశాలమైన ప్రాంగణములకు తగిన ధూపము పది అడుగుల గదికి తగదు.

శాస్త్రము కూడ ఆ ఇల్లాలి పక్షముననే ఉన్నది. పూజలో ఏ ఉపచారమునకైన ద్రవ్యము లభింపనప్పుడు దానికి మారుగా అక్షతలను సమర్పించుట మన పూజావిధానములో నిత్యము జరుగుచున్నదే. వస్త్రమునకు మారుగా అక్షతలను గ్రహించు స్వామి ధూపమునకు మారుగా గ్రహింపకుండునా? ధూపపాత్రను వాకిట తులసికోట వద్ద ఉంచి, లోన అక్షతలతో ఉపచారము పూర్తిచేయవచ్చును. స్తంభమునందు వెలసి బాలుని రక్షించిన నరసింహుడు, తన పూజ పేర ఒక పసివాడు ఊపిరాడక బాధపడుటను కోరడు. ఆరోగ్యవంతులున్న ఇంటిలోనైనను కిటికీ తెరచి, కొద్దిసేపు మాత్రమే ధూపము వేయుట మంచిది.

మితమే అలంకారము

ఆళ్లగడ్డ శిల్పులు దేవతామూర్తులను చెక్కుటలో పేరుపొందినవారు. శిల్పి రాతికి దేనిని చేర్చడు. అక్కరలేని రాతిని తొలగించుచు పోవును. అలంకరణమునకు కూర్చున్న గృహస్థునకు ఈ దృష్టి ఉపకరించును. గోడనిండ పటములు, క్యాలెండరులు, మాసిన ప్లాస్టిక్ తోరణములు ఉన్నచోట కన్ను ఎచ్చటను నిలువదు. ఒక శుభ్రమైన మూల, ఒక పీఠము, ఒక మూర్తి, ఒక దీపము, రెండు పూలు ఉన్నచోట చూపు దానంతట అదే నిలుచును. చూపు నిలిచిన పిమ్మట మనస్సు నిలుచుట తేలిక.

ఈ సీమలో ప్రకృతి ఇచ్చిన అలంకారములకు లోటు లేదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చెట్ల ఆకులే తోరణములగును. మహానంది చుట్టుపట్ల అరటితోటలు కలవు. పండుగనాడు రెండు పిలకలు ద్వారమునకిరువైపుల నిలిపిన చాలును. ధనుర్మాసములో గొబ్బెమ్మపై నిలిపిన గుమ్మడిపువ్వునకు వెల ఎవరును చెల్లింపరు.

అలంకరించుటతో పాటు తీసివేయుటయు సేవయే. నిన్నటి పూలు నిర్మాల్యము. వాడిన దండ పటముపై వ్రేలాడుచుండుట అందమునకును ఆచారమునకును విరుద్ధము. నిర్మాల్యమును కాలువలో పారవేసి నీటిని చెరచుట కంటె, తులసి మొదట కాక పెరటిలోని వేరొక మొక్క మొదట గుంతలో వేసి మట్టి కప్పినచో ఎరువగును. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021లో, ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు తయారుచేయు కార్యమును ఆరంభించిరి. ఒకసారి స్వామిని చేరిన పూవు వ్యర్థము కారాదన్న భావన గృహస్థునకు కూడ అనుసరణీయము.

నిత్యాచరణము

ఉదయము కిటికీలు తెరచుట, నిర్మాల్యము తీయుట, వాకిట చిన్న ముగ్గు, ఒక పూవు, సాయంసంధ్యలో ఒక దీపము, వారమునకొకసారి బూజు దులిపి, పీఠము కడిగి, వీలును బట్టి చిటికెడు ధూపము, ఏడాదికొకసారి సున్నము. ఇంతకు మించి కోరదగినది లేదు. దీనిని ఇల్లాలి ఒక్కతె భారముగా విడువరాదు. పారువేటనాడు ఊరంతయు పనిచేయును గనుకనే పని పండుగయగును. ఇంటిలోను పురుషులు, పిల్లలు తలకొక పని చేపట్టవలెను.

పల్లకి ఏడాదికొకసారి ఊరికి వచ్చును. ఆకలిగొన్న అతిథి, పాఠశాల నుండి వచ్చు బిడ్డ, పొలము నుండి మరలు యజమాని ప్రతిదినము ఇంటికి వచ్చుచునే యుందురు. వారియందును ఉన్నవాడు ఆ స్వామియే. వారు గడప దాటగానే తేటగాలి, శుభ్రమైన నేల, మల్లెల పరిమళము ఎదురగు ఇల్లు ధన్యమైనది. అట్టి ఇంటిలో అహోబిల లక్ష్మీనృసింహుని కటాక్షము, మహానందీశ్వరుని అనుగ్రహము సదా నిలిచియుండు గాక!