ఒప్పందం అనగానే ఏం చూడాలి: ఆరు అనుభవ పాఠాలు

ఢిల్లీ ద్వారక సెక్టార్ 25లో యశోభూమి సమావేశ కేంద్రం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభమైంది. మరుసటి నెలలోనే జీ20 దేశాల సభాపతుల సదస్సు అక్కడ జరిగింది. ఆ తర్వాత ఇంధన వారోత్సవం, సెమీకండక్టర్ల ప్రదర్శన కూడా వచ్చాయి. ఎయిర్‌పోర్ట్ మెట్రోలో దేశదేశాల ప్రతినిధుల్ని చూస్తూ పెరుగుతున్న మా సొసైటీ తెలుగు పిల్లలు నన్ను అడుగుతుంటారు, "తాతగారూ, ఈ బ్రిక్స్, జీ20ల వల్ల మనకేం ఒరుగుతుంది?" అని. ఉద్యోగకాలమంతా ఎగుమతి, దిగుమతి ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

1. పనితనం మిగిల్చేదే అసలైన సాయం

హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం సోవియట్ యూనియన్ సాయంతో వెలిసింది. అందులో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు పెద్ద ఎత్తున మందు తయారీ ఎలా సాగుతుందో చేతులారా నేర్చుకున్నారు. కె. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే రక్షణ ఇవ్వడంతో, కొత్త పద్ధతి కనిపెట్టగలవాడికి దారి దొరికింది. ఐడీపీఎల్ తర్వాత చితికిపోయింది కానీ, అక్కడ అబ్బిన విద్య చితికిపోలేదు. 2021 మే 1న రష్యా స్పుత్నిక్-వి టీకా తొలి విడత హైదరాబాద్‌లో దిగినప్పుడు, ఇక్కడ దాని బాధ్యత తీసుకున్నది డాక్టర్ రెడ్డీసే. అప్పటి సాయం ఆ విధంగా భాగస్వామ్యమైంది.

2. సరుకు రెండు వైపులా నడవాలి

2022 జులైలో రిజర్వ్ బ్యాంకు విదేశీ వ్యాపారాన్ని రూపాయల్లో జరుపుకోవడానికి వీలు కల్పించింది. మంచి అడుగే. అయితే 2023 మేలో గోవాకు వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్, భారత బ్యాంకుల్లో తమ రూపాయలు వందల కోట్లలో పోగుపడ్డాయనీ, వాటిని వాడుకునే దారి వెతకాలనీ చెప్పారు. కారణం లెక్కలోనే ఉంది. 2024-25లో రెండు దేశాల వ్యాపారం 6,870 కోట్ల డాలర్లు. అందులో మనం అమ్మింది 490 కోట్ల డాలర్ల లోపే. మిగతాదంతా మనం కొన్నది, ముఖ్యంగా చమురు. మన దగ్గర కొనుక్కోవడానికి వాళ్లకు సరుకు కనిపించనంత కాలం మన రూపాయి వాళ్ల ఖాతాలో కదలకుండా పడి ఉంటుంది. సొంత కరెన్సీ బలం ఫ్యాక్టరీల్లో, పొలాల్లో పుడుతుంది.

3. అప్పిచ్చే చోట సమాన ఓటు ఉండాలి

2014లో బ్రెజిల్‌లోని ఫోర్తలేజాలో బ్రిక్స్ కూటమిలో అప్పుడున్న ఐదు దేశాలూ న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకుకు పునాది వేశాయి. తలా 1,000 కోట్ల డాలర్ల వాటా, తలా సమాన ఓటు, వీటో ఎవరికీ లేదు. ప్రధాన కార్యాలయం షాంఘైలో పెట్టారు, తొలి అధ్యక్షుడిగా మన కె.వి. కామత్ వెళ్లారు. ఎవరి ఆర్థిక వ్యవస్థ ఎంత పెద్దదైనా బల్ల దగ్గర కుర్చీ మాత్రం ఒకే ఎత్తులో ఉండాలన్న ఈ పట్టుదల నాకెంతో నచ్చింది. ఈ బ్యాంకే 2019లో ఆంధ్రప్రదేశ్ రోడ్ల కోసం రెండు రుణాలు మంజూరు చేసింది, ఒక్కొక్కటి 32.3 కోట్ల డాలర్లు. మండల కేంద్రాల రోడ్లను విస్తరించడం, పాతబడిన వంతెనలను తిరిగి కట్టడం ఆ పథకాల పని. కానీ రుణం మంజూరైనంత మాత్రాన రోడ్డు పడదు. రాష్ట్రం తన వాటా డబ్బు వేళకు పెట్టాలి, టెండర్లు వేళకు ముగించాలి. సమాన ఓటు సంపాదించుకున్నాక ఇంటి పని చక్కబెట్టుకోవడం మన వంతు.

4. ఒకే వాకిలిని నమ్ముకోవద్దు

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. పశ్చిమ గోదావరిలో గెలలు అమ్మే రైతుకు ధర పలికింది, నూనె ప్యాకెట్ కొనే ఇంటికి భారమైంది. మే 23న నిషేధం ఎత్తేశారు, తర్వాత గెలల ధర దిగింది. స్నేహ దేశమే, అయినా తన ఇంటి అవసరం ముందు చూసుకుంది. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరేసరికి భీమవరం వైపు చెరువుల గట్ల మీద రొయ్యల కౌంట్ ధరలు కుంగిపోయాయి. రొయ్యల్లో మన పోటీదారు ఈక్వెడార్‌ మీద అప్పట్లో సుంకం 15 శాతమే. కొనేవాడు ఒక్కడైనా, అమ్మేవాడు ఒక్కడైనా రైతుకు ముప్పే. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలతో ఒప్పందాలు అవసరమయ్యేది ఇందుకే.

5. తగాదా ఉన్నా లెక్క తెగ్గొట్టకూడదు, ఆదమరచీ ఉండకూడదు

2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ప్రాణాలర్పించారు. ఆ త్యాగాన్ని గుండెల్లో పెట్టుకునే ఈ మాట చెబుతున్నాను. గుంటూరు యార్డులో తేజ మిర్చికి పెద్ద గిరాకీ చైనాదే. అది పోతే నష్టపోయేది మన రైతు. కాబట్టి మిర్చి అమ్ముదాం. కానీ 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు 9,900 కోట్ల డాలర్లు దాటింది. యాంటీబయాటిక్స్‌కు మూలమైన పెన్సిలిన్-జి కోసం ఏళ్ల తరబడి వాళ్ల మీదే ఆధారపడ్డాం. కేంద్ర ప్రోత్సాహక పథకం కింద కాకినాడ తీరంలో మళ్లీ దాని తయారీ మొదలవడం నాకు ఎంతో ఊరట. ఏది కొనవచ్చో, ఏది ఎంత ఖర్చైనా ఇంట్లోనే తయారు చేసుకోవాలో ముందే తేల్చుకున్న దేశం ఎవరితోనైనా ధైర్యంగా బేరమాడగలదు.

6. మనం అందుకున్నదే మనం ఇవ్వాలి

2023 సెప్టెంబర్‌లో ఢిల్లీలోనే ఆఫ్రికన్ యూనియన్ జీ20 సభ్యత్వం పొందింది. అక్టోబర్‌లో యశోభూమి సదస్సులో పాన్ ఆఫ్రికన్ పార్లమెంటు తొలిసారి కూర్చుంది. ద్వారకకు పొరుగునే గురుగ్రామ్‌లో అంతర్జాతీయ సౌర కూటమి కార్యాలయం ఉంది. 1964 నుంచి ఐటెక్ పథకం కింద మన సంస్థలు ఇతర దేశాల ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నాయి. ఆఫ్రికాలో సోలార్ పలకలు దించి వచ్చేస్తే మనం వ్యాపారులం మాత్రమే. వాటిని బిగించి, బాగుచేసుకోగల మెకానిక్కులను అక్కడ తయారు చేస్తే, ఒకప్పుడు బాలానగర్‌లో మనకు జరిగిన మేలు ఇంకో ఊరికి జరుగుతుంది.

పిల్లలూ, 2026లో బ్రిక్స్ అధ్యక్ష బాధ్యత భారత్‌ది. ఒప్పందాల వార్తలు చాలా చదువుతారు. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో మనవాళ్లు కొత్తగా నేర్చుకునే పని ఏమిటి? రెండు వైపులా సరుకు నడుస్తుందా? రేపు అవతలివారు తలుపు మూస్తే రైతుకు, కార్మికుడికి ఇంకో దారి ఉందా? మూడింటికీ జవాబు దొరికిన ఒప్పందం కోసం మీ చదువు, మీ ఉద్యోగం, మీ శక్తి అన్నీ పెట్టండి. దొరకనిచోట దొరికేదాకా అడగండి. అడిగే పౌరులు వెనకున్న దేశం మాటకే బేరం దగ్గర బలం ఉంటుంది.