భూతద్దం ఎలా పట్టుకోవాలి?



డిశ్చార్జి రోజున మాత్రల స్ట్రిప్ మీ చేతికిచ్చి, "దీని గడువు తేదీ చదవండి" అని అడుగుతాం. చాలామంది దానిని దూరంగా పెట్టి చూసి, పక్కనున్న పిల్లల చేతికిస్తారు. పిల్లలు బడికి వెళ్లాక రోగికి మందు ఇచ్చేది మీరే కదా!

సుమారు 40 ఏళ్లు దాటాక దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి. దీనినే చత్వారం అంటారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చదివే కళ్లద్దాలతో పాటు ఇంట్లో ఒక భూతద్దం ఉంచుకోండి.

పట్టుకునే పద్ధతి

1. చదివే కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి.
2. భూతద్దాన్ని స్ట్రిప్‌కు ఆనించి చూస్తే అక్షరం పెరగదు. అక్కడి నుండి మెల్లగా పైకి ఎత్తండి. అక్షరం పెద్దదై, స్పష్టంగా ఉన్నచోట ఆపండి. రెండింతలు చూపే అద్దానికి ఈ దూరం 12 సెం.మీ. లోపు ఉంటుంది.
3. ఆ దూరం మార్చకుండా రెండింటినీ కంటికి దగ్గరగా తెస్తే ఎక్కువ అక్షరాలు ఒకేసారి కనిపిస్తాయి.
4. వెలుతురు పక్కనుండి పడాలి. చేయి వణికితే మోచేయి బల్లపై ఆనించండి.

ఇన్సులిన్ వేసేవారు గమనించండి

సీసాపై 40 అని ఉంటే 40 సిరంజి (ఎర్ర మూత), 100 అని ఉంటే 100 సిరంజి (నారింజ మూత) వాడాలి. 100 సీసా మందును 40 సిరంజిలో 20 గీత వరకు తీస్తే, ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు! షుగర్ పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. మూత రంగు ఒక్కటే నమ్మకండి. సీసాపై అంకెను, సిరంజిపై అంకెను ప్రతిసారీ భూతద్దంతో చదవండి.

జాగ్రత్తలు

భూతద్దాన్ని ఎండపడే కిటికీలో వదలవద్దు. కాగితం, గుడ్డ అంటుకోవచ్చు. మెత్తని గుడ్డతోనే తుడవండి.

భూతద్దం చికిత్స కాదు. చూపు తగ్గుతూ ఉన్నా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, కన్ను నొప్పి పుట్టినా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. శుక్లాలకు ఆపరేషన్ ఉంది. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

ఇంటికి వెళ్లేముందు మీ మందుల పేర్లు, తేదీలు మా ఎదుట ఒకసారి చదివి చూపండి. చదవలేకపోతే ఏ సిస్టర్‌నైనా అడగండి. ప్రభువు మీ కుటుంబాన్ని కాపాడును గాక.