బేత్లెహేము బావి నీళ్లు: డాక్టర్ వాల్టర్ రీడ్

వాక్యభాగము: 2 సమూయేలు 23:13-17

వాషింగ్టన్ పరిసరాల్లో ఉండే మన సంఘస్థులకు బెథెస్డాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి తెలిసిందే. (యోహాను 5లోని కోనేటి పేరే ఆ ఊరికి వచ్చింది.) ఆ పేరుగల మనిషి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

రీడ్ 1851లో వర్జీనియాలో ఒక మెథడిస్టు బోధకుని ఇంట పుట్టారు. 17 ఏళ్లకే వైద్య పట్టా పొంది, 1875లో సైన్యంలో చేరారు. చాలా ఏళ్లు మారుమూల శిబిరాల్లోనే గడిచాయి. 1893లో మేజరై, ఆర్మీ మెడికల్ స్కూల్లో ప్రొఫెసర్ అయ్యారు.

1900లో ఎల్లో ఫీవర్ కారణం కనిపెట్టమని ఆయనను, మరి ముగ్గురు వైద్యులను క్యూబాలో నియమించారు. దోమే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా ఎవరూ లెక్కచేయలేదు. ఆయన ఇచ్చిన దోమ గుడ్లతోనే పరీక్ష మొదలైంది. మనుషుల మీద తప్ప పరీక్షించే దారి లేదు. రీడ్ పనిమీద వాషింగ్టన్ వెళ్లినప్పుడు కారల్, లాజియర్ ఆ జ్వరాన పడ్డారు. కారల్ చావు అంచుదాకా వెళ్లి బ్రతికారు. లాజియర్ సెప్టెంబరు 25న చనిపోయారు. 34 ఏళ్లు, ఇద్దరు పసిబిడ్డలు.

రీడ్ తిరిగి వచ్చి కొత్త శిబిరానికి లాజియర్ పేరే పెట్టారు. ముందుకొచ్చినవారికి అపాయమంతా వివరించి, ఇంగ్లీషులోను స్పానిష్‌లోను అంగీకారపత్రం రాయించారు. ఆ రోజుల్లో ఇది అరుదు. ఒక గదిలో రోగుల మురికి పక్కబట్టలమీద 20 రాత్రులు పడుకున్నవారికి ఏమీ కాలేదు. దోమలు కుట్టినవారికి మాత్రం జ్వరం వచ్చింది. కిసింజర్ అనే సైనికుడు, మోరాన్ అనే గుమాస్తా డబ్బు వద్దన్నారు.

1900 డిసెంబరు 31 రాత్రి రీడ్ భార్యకు ఉత్తరం రాశారు. మనుషుల బాధ తగ్గించే పని ఏదైనా తనచేత చేయించమని 20 ఏళ్లకు పైగా చేసిన ప్రార్థన ఫలించిందని అందులో సంతోషించారు. మరుసటి ఏడాది దోమల నిర్మూలనతో హవానాలో ఆ జ్వరం ఆగిపోయింది.

ఇక్కడే నేను దావీదు దగ్గర ఆగాను. ముగ్గురు ప్రాణాలకు తెగించి తెచ్చిన నీళ్లు తాగడానికి అతనికి మనసొప్పలేదు. రీడ్ ప్రార్థనకు జవాబు కూడా ఇతరుల ప్రాణాలమీదుగానే వచ్చింది. అయితే ఆయన ఆ నీళ్లు పారబోయలేదు, ఊరంతటికీ అందించారు. 1902 నవంబరు 23న అపెండిక్స్ ఆపరేషన్ తరువాత 51 ఏళ్లకే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆయన ఒక్కరి పేరే ఉంది.

ఇంటి కూడికల్లో మాట్లాడుకోండి: మన ప్రార్థనకు జవాబు వచ్చినప్పుడు, దాని ఖరీదు ఎవరు చెల్లించారు? వారి పేరు మన సాక్ష్యంలో ఉందా?