డబుల్ స్లిప్: రెండు మోటార్లు, నాలుగు దారులు

"బొమ్మ రైలుకి కూడా సాఫ్ట్‌వేరా?" అని నవ్విన మిత్రులకి నేను డబుల్ స్లిప్ గురించి చెబుతుంటాను. మనం ఆఫీసులో చేసే డేటా మోడలింగ్ తప్పులన్నీ అందులో చిన్న రూపంలో కనబడతాయి. నేను చేసిన తప్పు కూడా అలాంటిదే.

ముందు మామూలు పట్టాల సంగతి చూద్దాం. పట్టా రెండుగా చీలే చోటుని మన రైల్వేలో పాయింట్లు అంటారు, అమెరికాలో మోడల్ రైళ్ళవాళ్ళు టర్నౌట్ అంటారు. దానికి ఒక మోటారు, రెండు స్థితులు. జేఎంఆర్‌ఐ అనే ఓపెన్ సోర్స్ జావా ప్రోగ్రాములో ఆ స్థితుల పేర్లు క్లోజ్డ్, త్రోన్. ఇంతవరకు చిక్కేమీ లేదు.

డబుల్ స్లిప్ అలా కాదు. రెండు పట్టాలు ఎక్స్ ఆకారంలో ఒకదాన్నొకటి దాటుతాయి, దాటే చోటనే ఒకదాని మీంచి మరొకదాని మీదికి మళ్ళే వంపులు కూడా ఉంటాయి. ఎడమ కొసలు క, ఖ అనుకుందాం. కుడి కొసలు గ, ఘ. క–గ, ఖ–ఘ తిన్నని దారులు. క–ఘ, ఖ–గ వంపు దారులు. నా దగ్గరున్న స్లిప్‌కి ఎడమవైపు ఒక మోటారు, కుడివైపు ఒక మోటారు ఉన్నాయి. రెండు మోటార్లు, ఒక్కోదానికి రెండు స్థితులు, మొత్తం నాలుగు దారులు. లెక్క సరిపోయింది కదా!

అందుకని నేను దాన్ని తెరమీద ఎదురెదురుగా పెట్టిన రెండు మామూలు టర్నౌట్లుగా గీశాను. ఎడమ టర్నౌట్‌కి ఎడమ మోటారు చిరునామా 21, కుడిదానికి 22 ఇచ్చాను. బొమ్మ చక్కగా ఉంది. తిన్నని దారుల్లో బళ్ళు బాగానే తిరిగాయి. క నుంచి ఘకి పంపిన బండి మాత్రం పట్టా తప్పి, షార్ట్ సర్క్యూట్ అయి, లేఅవుట్ అంతా ఆగిపోయింది. వైర్లు తప్పు కలిపానేమోనని రెండు సాయంత్రాలు బల్ల కింద దూరి వెతికాను. తప్పు వైర్లలో లేదు, నేను గీసిన బొమ్మలో ఉంది.

నా బొమ్మలో ఎడమ టర్నౌట్ "బండి క నుంచా, ఖ నుంచా" అని నిర్ణయిస్తుంది. నిజమైన స్లిప్‌లో ఎడమ మోటారు రెండు పట్టాల నాలుకల్నీ కలిపి ఒకే పక్కకి జరుపుతుంది. ఒక పక్కకి జరిగితే క నుంచి వచ్చినా, ఖ నుంచి వచ్చినా బండి గకే పోతుంది. రెండో పక్కకి జరిగితే ఘకి. అంటే ఎడమ మోటారు కుడి కొసని ఎంచుతుంది, కుడి మోటారు ఎడమ కొసని ఎంచుతుంది. పట్టిక ఇలా ఉంటుంది:

క–గ: ఎడమ మోటారు గకి, కుడి మోటారు కకి
క–ఘ: ఎడమది ఘకి, కుడిది కకి
ఖ–గ: ఎడమది గకి, కుడిది ఖకి
ఖ–ఘ: ఎడమది ఘకి, కుడిది ఖకి

తిన్నని దారులు రెండింటికీ నా తప్పు లెక్కలో కూడా అవే స్థితులు వచ్చాయి. అందుకే పరీక్ష సగం పాసై నన్ను మోసం చేసింది. వంపు దారుల్లో మాత్రం రెండు మోటార్లూ తారుమారయ్యాయి. 21, 22 చిరునామాలు అటూ ఇటూ మార్చగానే బళ్ళు సరిగ్గా నడిచాయి.

జేఎంఆర్‌ఐ లేఅవుట్ ఎడిటర్‌లో డబుల్ స్లిప్ ఒక ప్రత్యేక వస్తువుగానే దొరుకుతుంది. ఒక్కో దారికి రెండు టర్నౌట్లూ ఏ స్థితిలో ఉండాలో చెప్పవచ్చు. దాన్నే వాడండి. అయితే ఒకే మోటారుతో రెండే స్థితులుండే స్లిప్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి ముందు నాలుకల్ని చేత్తో కదిపి చూసి పట్టిక మీరే రాసుకోండి.

ఇంకో మాట. జేఎంఆర్‌ఐలో టర్నౌట్‌కి అన్‌నోన్, ఇన్‌కన్సిస్టెంట్ అనే స్థితులు కూడా ఉన్నాయి. మీరు సొంతంగా ప్రోగ్రాము రాస్తుంటే బూలియన్‌తో సరిపెట్టకండి. ఫీడ్‌బ్యాక్ డైరెక్ట్ అని పెడితే, ఆజ్ఞ పంపగానే మోటారు తిరిగిపోయిందని ప్రోగ్రాము నమ్మేస్తుంది. మోటారు మధ్యలో ఇరుక్కున్నా సిగ్నల్ పచ్చగా వెలుగుతుంది. స్లిప్‌కైనా సెన్సర్లు పెట్టుకోవడం మంచిది.

చివరగా పరీక్ష. నాలుగు దారులు, రెండు దిక్కులు, మొత్తం ఎనిమిది సార్లు. ఇంజను వద్దు, ఒక్క పెట్టెని వేలితో నెమ్మదిగా తొయ్యండి. ఎనిమిదీ పాసయ్యాకే సిగ్నళ్ళ జోలికి వెళ్ళండి. నేను రెండు దారులు చూసి తృప్తి పడ్డాను, రెండు సాయంత్రాలు బల్ల కింద గడిపాను.