పోటీ పరీక్షల ప్రత్యేకం: చేయి, నరం, శస్త్రచికిత్స

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను ధాన్యాగారంగా మార్చింది. కొడవళ్లు, నూర్పిడి యంత్రాలు నడిచే ఈ పొలాల్లో చేతి గాయాల గురించి అభ్యర్థి కంటే ముందు కూలీకి తెలియాలి.

తెగిన వేలిని నేరుగా మంచులో పెట్టకూడదు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చేతి గాయాల నిర్ధారణలో నరాలే కీలకం. రేడియల్ నరం దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది. అల్నార్ దెబ్బతింటే ఉంగరపు వేలు, చిటికెన వేలు కొక్కెంలా వంగుతాయి. మీడియన్ దెబ్బతింటే బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రాలేకపోతుంది.

కుష్ఠు కూడా నరాలను దెబ్బతీస్తుంది; అలా వంగిన వేళ్లను స్నాయువుల మార్పిడితో సరిచేసే పద్ధతిని 1940ల చివర్లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)లో అభివృద్ధి చేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్. భారత్‌లో తొలి చేతుల మార్పిడి 2015లో కొచ్చిలో జరిగింది.